అడగకుండా తీసిన షాట్

సౌండ్ రికార్డ్ చేసేవాళ్ళకి ఒక అలవాటుంది. ఇంట్లో షూటింగ్ అయితే ముందు ఫ్రిజ్ ఆపేస్తారు, దాని రొద డైలాగుల కింద దూరకుండా. ఆపేసి, బండి తాళాలు తీసుకెళ్ళి ఆ ఫ్రిజ్‌లోనే పెడతారు. వెళ్ళేటప్పుడు తాళాల కోసం ఫ్రిజ్ తెరవక తప్పదు, అప్పుడు స్విచ్ వెయ్యాలని గుర్తొస్తుంది. మాకూ క్లాసులో ఈ చిట్కా చెప్పారు. తెనాలిలో మా అమ్మమ్మ ఇంట్లో డిప్లొమా ఫిల్మ్ తీసిన మొదటి రోజు మేం ఫ్రిజ్ ఆపాం గానీ తాళాలు పెట్టడం మర్చిపోయాం. పొద్దున చూస్తే పాలు విరిగిపోయాయి. ఇడ్లీ పిండి పులిసి గిన్నెలోంచి పొంగింది. మా పిన్ని పలుచగా నవ్వి, "పోన్లే, అట్లేసుకుందాం" అంది.

ఆ ఖర్చు మా బడ్జెట్ షీట్‌లో ఎక్కడా లేదు. షీట్ ప్రకారం సినిమా నిడివి 14 నిమిషాలు, ఖర్చు 46 వేలు. కెమెరా, లెన్సులు, సౌండ్ రికార్డర్ మూడు రోజుల అద్దె, ఐదుగురికి హైదరాబాద్ నుంచి రానూపోనూ రైలు టికెట్లు, ఒక హార్డ్ డిస్క్. లొకేషన్ దగ్గర సున్నా. భోజనాల దగ్గర సున్నా. నటీనటుల దగ్గర సున్నా. ఆ సున్నాల వెనక మూడు రోజులు ఎనిమిది మందికి వండిన పిన్ని ఉంది. ఎండలో రెండు గంటలు థర్మోకోల్ షీట్ పట్టుకుని వెలుతురు మొహం మీదకి తిప్పిన బాబాయి ఉన్నాడు. తర్వాత వారం రోజులు ఆయన భుజానికి జండూబామ్ రాసుకున్నాడని నాకు ఫోన్లో తెలిసింది. ఇక కెమెరా ముందు మా అమ్మమ్మ.

చిన్న సినిమాల చరిత్రలో ఈ సున్నాలు చాలానే ఉంటాయి. 'పథేర్ పాంచాలి' (1955) ఆగిపోతుంటే సత్యజిత్ రాయ్ భార్య నగలు తాకట్టుకెళ్ళాయి. క్రిస్టొఫర్ నోలన్ మొదటి సినిమా 'ఫాలోయింగ్' (1998) స్నేహితులతో, వారాంతాల్లో తీసింది. అందులో పోలీసాయన నోలన్ సొంత బాబాయే. ఇవన్నీ మనం ఇష్టంగా చెప్పుకునే కథలు. "ఇంట్లోవాళ్ళ సాయంతో తీశాడు" అంటే డైరెక్టర్ మీద గౌరవం పెరుగుతుంది. ఆ ఇంట్లోవాళ్ళు ఏం ఇచ్చారు, అది వాళ్ళు ఇచ్చిందా, మనం తీసుకున్నదా అని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. రెండో రోజు సాయంత్రం దాకా.

మా సినిమాలో ఒక ముసలావిడ ఊరెళ్ళిన కొడుకు కోసం ఎదురుచూస్తుంటుంది. రాత్రి ఫోన్ వస్తుంది. అంతే కథ. స్క్రిప్ట్ రాస్తున్నప్పుడు ఇది కల్పితమని నాకు నేనే చెప్పుకున్నాను. మా చిన్నమావయ్య ఆరేళ్ళ కిందట యాక్సిడెంట్‌లో పోయాడు. ఆ కబురు అమ్మమ్మకి రాత్రి పూట ఫోన్లోనే వచ్చింది. స్క్రిప్ట్‌లో ఊరి పేరు మార్చాను, కొడుకు ఉద్యోగం మార్చాను. ఆ మాత్రం మారిస్తే కల్పితం అయిపోతుందని అనుకున్నాను.

ఆ రోజు తియ్యాల్సిన సీన్ చాలా చిన్నది. అమ్మమ్మ డైనింగ్ టేబుల్ దగ్గరకొచ్చి బీపీ మాత్ర వేసుకుని ఫోన్ వైపు చూడాలి. టేబుల్ మరీ బోసిగా ఉందని కెమెరామన్ అన్నాడు. పిన్నిని బీరువా తాళాలు అడిగాను. లోపల చేతిరుమాల్లో చుట్టి మావయ్య వాచీ ఉంటుందని నాకు తెలుసు. కీ ఇచ్చుకునే పాత హెచ్ఎంటీ. మాత్రల అట్ట పక్కన పెట్టాను. అమ్మమ్మకి చెప్పలేదు. కెమెరామన్‌కి మాత్రం చెప్పాను, "నేను కట్ అనేదాకా ఆపకు" అని. నేను ఏం చేస్తున్నానో నాకు బాగా తెలుసుననడానికి ఆ ఒక్క మాటా చాలు.

అమ్మమ్మ వచ్చింది. మాత్ర కోసం చెయ్యి చాపింది. చెయ్యి ఆగింది. వాచీ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది. ఆరేళ్ళుగా ఆగి ఉన్న వాచీ. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ పట్టి నెమ్మదిగా కీ తిప్పడం మొదలుపెట్టింది. తొందర లేదు. మేమెవరం ఆ గదిలో లేనట్టు తిప్పింది. మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని విని, టేబుల్ మీద తనవైపు తిప్పి పెట్టుకుని, మాత్ర వేసుకుంది. ఏడవలేదు. నేను కట్ అన్నాను. ఎవరూ మాట్లాడలేదు.

అమ్మమ్మ నావైపు చూసి, "సరిగ్గా వచ్చిందా తల్లీ? మళ్ళీ చెయ్యాలా?" అంది.

ఫోకస్ జారిందని కెమెరామన్ నా చెవిలో చెప్పాడు.

"ఇంకొక్కసారి అమ్మమ్మా" అన్నాను.

రెండోసారి అన్నీ మొదటిసారిలాగే చేసింది. చెవి దగ్గర పెట్టుకుంది, ఇప్పుడు వాచీ నడుస్తోంది. కీ తిప్పబోయింది, కీ అప్పటికే నిండిపోయింది, తిరగలేదు. తిరుగుతున్నట్టు వేళ్ళు కదిపింది. నటించింది, నా కోసం. ఫోకస్ బ్రహ్మాండంగా ఉంది.

ఆ రాత్రి డాబా మీద పడుకుని నాకు నేను చెప్పుకున్న సమాధానాలు మూడు. ఇలాంటి పని చేసిన ఎవరికైనా ఈ మూడే దొరుకుతాయనుకుంటా.

మొదటిది: ఆవిడ ఒప్పుకుంది కదా. నిజమే, కాలేజీ ఇచ్చిన రిలీజ్ ఫామ్ మీద సంతకం కూడా చేసింది. "ఎక్కడ పెట్టాలి?" అని మాత్రమే అడిగింది. అదే ఫామ్ మా వీధి చివర టీ బడ్డీ ఆయన దగ్గరికి తీసుకెళ్తే రెండుసార్లు చదివించుకున్నాడు. ఇది ఎక్కడ చూపిస్తారు, నన్ను వెధవలా చూపిస్తారా, ఎంతిస్తారు అని ఆరా తీశాడు. 500 తీసుకుని, సాయంత్రం బేరాల టైంలో మాత్రం కుదరదని కచ్చితంగా చెప్పాడు. మేం అలాగే సర్దుకున్నాం. ఆయనకి నేనెవరో తెలియదు కాబట్టి ఆయనకి తన మాట మీద తనకి హక్కుంది. అమ్మమ్మకి నేను మనవరాలిని కాబట్టి ఆ హక్కు లేదు. పరాయివాళ్ళతో మనం పాటించే మర్యాద అయినవాళ్ళ దగ్గర ఎందుకు అక్కర్లేకుండా పోతుంది? ప్రేమ ఉన్నచోట అడగనక్కర్లేదనుకుంటాం. నిజానికి అక్కడే ఎక్కువ అడగాలి. వాళ్ళ నోట 'కాదు' అనే మాట రాదు కాబట్టి. 'కాదు' అనలేని మనిషి అన్న 'సరే'ని అనుమతి అని ఎలా అంటాం?

రెండోది: కళ. 'బైసికిల్ థీవ్స్' (1948)లో పిల్లాడి చేత ఏడిపించడానికి డి సీకా ఏం చేశాడో సినిమా చదువుకునేవాళ్ళందరూ ఎక్కడో ఒకచోట వింటారు. వాడి జేబులో సిగరెట్ పీకలు వేయించి, పీకలు ఏరుకునేవాడివంటూ అందరి ముందూ ఎగతాళి చేశాడని. క్లాసులో ఈ కథ విన్నప్పుడు మేం నవ్వాం, ఎంత తెలివి అనుకున్నాం. ఆ సినిమా గొప్పదే. వాడి కన్నీళ్ళు చూసి మనం కరిగిపోయేదీ నిజమే. ఒక పేదవాడికి జరిగిన అవమానం గురించి చెప్పే సినిమా కోసం ఒక పిల్లాడిని అవమానించాల్సి వచ్చింది. ఈ రెండిటినీ ఒక తక్కెట్లో వేసి, సినిమా వైపే మొగ్గిందని చెప్పేవాళ్ళెప్పుడూ ప్రేక్షకులో, డైరెక్టర్లో. జేబులో పీకలు దొరికినవాడు కాదు.

మూడోది అన్నిటికన్నా మోసకారి: ఇది ఆవిడకీ మంచిదే, లోపలున్న దుఃఖం బయటికొస్తుంది. కావచ్చు. కానీ వాచీ టేబుల్ మీద పెడుతున్నప్పుడు నేను ఆలోచించింది ఆవిడ గుండె బరువు గురించి కాదు, బోసిగా ఉన్న ఫ్రేం గురించి. ఈ కారణం నాకు షాట్ అయ్యాక దొరికింది. పని అయ్యాక దొరికే కారణాలని నమ్మకూడదు.

మనిషిని ఎప్పుడూ కేవలం ఒక సాధనంగా వాడుకోవద్దని కాంట్ అన్నాడు. అందులో 'కేవలం' అన్న మాట ముఖ్యం. ఒకరికొకరం సాధనాలం కాకుండా బతుకు గడవదు. బాబాయి మా లైట్ స్టాండే, అందులో తప్పేం లేదు. తను పట్టుకున్నది థర్మోకోల్ అని, అది ఎందుకో ఆయనకి తెలుసు. చెయ్యి నొప్పెడితే దింపేసి "ఆగండ్రా" అని అరిచాడు కూడా. అమ్మమ్మకి మాత్రం తను ఏ పనికి వస్తోందో తెలియదు. తేడా అదే.

స్కోర్సెసీ సంగతి గుర్తొచ్చింది. 1964లో ఆయన తీసిన స్టూడెంట్ ఫిల్మ్ 'ఇట్స్ నాట్ జస్ట్ యూ, మర్రే!'లో తల్లి వేషం వాళ్ళమ్మ కేథరిన్‌దే. జైల్లో ఉన్న కొడుక్కి కంచె లోంచి స్పగెటీ తినిపిస్తుంది. పదేళ్ళ తర్వాత 'ఇటాలియన్‌అమెరికన్' అని అమ్మానాన్నల మీదే ఒక డాక్యుమెంటరీ తీశాడు. వాళ్ళింట్లోనే, వాళ్ళ కబుర్లే. చివర టైటిల్స్‌లో ఆవిడ వంట ఎలా చెయ్యాలో కూడా వేశాడు. అక్కడ కెమెరా ఆ ఇంటికొచ్చిన చుట్టం. ఏం వడ్డించాలో ఆవిడ ఇష్టం. మా అమ్మమ్మ ఇంట్లో కెమెరా చుట్టంగా వచ్చి ఇంటి యజమాని అయిపోయింది. ఫ్రిజ్ ఆపింది, ఫ్యాన్లు ఆపింది, బీరువా తెరిచింది.

ఎడిటింగ్ సగమయ్యాక తెనాలి వెళ్ళి లాప్‌టాప్‌లో అమ్మమ్మకి చూపించాను. వాచీ షాట్ వచ్చినప్పుడు ఆవిడ వైపు చూడలేకపోయాను. అయిపోయాక కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ అంది: "అడిగితే నేనే తీసి ఇచ్చేదాన్నిగా."

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. మన ఇళ్ళల్లో అది నిజం కాదు, అడక్కుండానే పెడతారు. అందుకే మనకి అడగడం రాదు. ఇస్తానన్న వస్తువునే దొంగిలించినవాళ్ళని ఏమనాలి? పోయిన వస్తువు అదే, చేరిన చోటూ అదే. పోయింది మాత్రం ఇచ్చే అవకాశం. మనకి రుణానుబంధం అని ఒక మాటుంది, అప్పునీ ప్రేమనీ ఒకే ముడి వేసిన మాట. ఇచ్చినవాళ్ళకి రుణపడొచ్చు, తీరినా తీరకపోయినా అదొక బంధం. ఇవ్వకుండానే తీసుకుంటే ఆ మాటలో సగమే మిగులుతుంది.

హైదరాబాద్ వచ్చి ఆ షాట్ తీసేశాను. రెండు టేకులూ. మా గైడ్ గారు సినిమాలో ఏదో తగ్గిందన్నారు, నేనేం చెప్పలేదు. లోపల కొంచెం గర్వంగా కూడా ఉంది, నా సినిమా నష్టపోయినా సరే, సరైన పని చేశానని.

సంక్రాంతికి ఇంట్లో అందరూ ఉన్నప్పుడు టీవీకి కలిపి సినిమా వేశాం. బాబాయి తన వెలుతురు వచ్చిన ప్రతి షాట్‌కీ చప్పట్లు కొట్టాడు. పిన్ని తన వంటిల్లు అంత చిన్నదా అని ఆశ్చర్యపోయింది. అయిపోయాక అమ్మమ్మ నన్ను దగ్గరకి పిలిచి, "చిన్నోడి వాచీ ముక్క ఏదే?" అంది.

"తీసేశాను అమ్మమ్మా."

"ఎందుకు తీశావు?"

నీ కోసమే అని నోటిదాకా వచ్చింది. అప్పుడు అర్థమైంది. పెట్టేటప్పుడు ఆవిడని అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు. మొదటిసారి ఆవిడ దుఃఖాన్ని వాడుకున్నాను, రెండోసారి కాపాడాను. రెండుసార్లూ అది నా చేతిలోనే ఉంది. నా పశ్చాత్తాపం కూడా డైరెక్టర్ పశ్చాత్తాపమే.

ఆవిడ పక్కన మంచం మీద కూర్చుని అడిగాను: "మళ్ళీ పెట్టనా? వద్దంటే పెట్టను. పెట్టకపోయినా సినిమాకేం కాదు." చివరి మాట అబద్ధం. కానీ 'వద్దు' అనడానికి ఆవిడకి కాస్త చోటివ్వడం కోసం నేను చెప్పగలిగింది అదే.

అమ్మమ్మ వెంటనే సరే అనలేదు. మూడు రోజుల షూటింగ్‌లో ఆవిడ నాకు వెంటనే సరే అనని సందర్భం ఒక్కటి కూడా లేదు. కాసేపు టీవీ వైపు చూసింది.

"ఆలోచించి చెప్తాలే" అంది.

ఉగాది కూడా వెళ్ళిపోయింది, ఇంకా చెప్పలేదు. నేను గుర్తుచెయ్యలేదు. హార్డ్ డిస్క్‌లో సినిమా రెండు వెర్షన్లుగా ఉంది. వాచీ ఇప్పుడు బీరువాలో లేదట, అమ్మమ్మ తలగడ పక్కన ఉంటోందని పిన్ని చెప్పింది. రోజూ పొద్దున్నే కీ ఇస్తోందట.