మచ్చ యేది? మాలిన్య మేది?

శుద్ధిని గూర్చి మన మఠములలోను గృహములలోను జరుగునంత ప్రసంగము మరి దేనిని గూర్చియు జరుగదు. అంతరంగ శుద్ధి, బహిరంగ శుద్ధి అను జంటపదములు చిన్ననాటి నుండియు మన చెవిని పడుచునే యున్నవి. అయినను శుద్ధి చేయబూనినవాడు మొట్టమొదట తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు. తన కంటికి మచ్చగా తోచినదెల్ల మాలిన్యమేనా? ఈ ప్రశ్నకు ఒక పాత కెమెరా కటకమును విప్పి శుభ్రపరచు పనిలో దొరకినంత తేటయైన సమాధానము నాకు ఉపన్యాసములలో దొరకలేదు. విషయ మల్పమని పాఠకులు త్రోసిపుచ్చకుందురు గాక. మడివాళ మాచయ్య శరణుల వస్త్రము లుతుకుటయే కాయకముగా గైకొన్న మహానుభావుడు. ఏ మరక ఏ నీటికి పోవునో, ఏ వస్త్ర మెన్ని దెబ్బల కోర్చునో ఎరుగనివాడు ఆ కాయకమునకు తగడు గదా!

సత్తుపల్లి ప్రాంతమున ఒక ప్రక్క అడవి, ఒక ప్రక్క బేతుపల్లి చెరువు. వానకాలమున గోడలు సైతము చెమర్చును. దీనికి తోడు సింగరేణి వారి ఉపరితల గని నుండి లేచు బొగ్గుధూళి. ఇట్టి చోట బీరువాలో దాచిన కెమెరాకు పట్టు రోగము బూజు. 1986 వరకు జపానులో తయారైన యాషికామాట్ 124 జి వంటి రెండు కన్నుల కెమెరాలు ఒకప్పుడు మన పట్టణముల స్టూడియోలలో విరివిగా వాడబడినవి. ఒక్క ఫిలిమునకు 12 చదరపు చిత్రములు. నేడవి తాతగారి గుర్తుగా తోలుసంచిలో తాళము క్రింద నున్నవి. ఆ గౌరవమే వానికి శత్రువైనది. తోలు తేమను పట్టి యుంచును. చీకటియు, కదలని గాలియు బూజును పెంచును. బూజునకు ఆహారము గాజు కాదు, గాజుపై నున్న జిడ్డును ధూళియు. కాని అది విడుచు ఆమ్లము మొదట కటకముపై పూతను, పిదప గాజును కొరుకును. ఎండకు గాలికి తిరుగుచు పనిచేయు కెమెరాకు ఈ పీడ అరుదు. స్థావరము కంటె జంగమమును మిన్నగా నెంచిన మనకు దీనియందు వింత యేమున్నది?

ఇట్టి కెమెరాలో చిత్రము తీయునది క్రింది కటకము. అందు గాజుబిళ్లలు నాలుగు, గుంపులు మూడు. బిళ్లలను బిగించు వలయమునకు రెండు సన్నని గాట్లుండును. వానికి సరిపడు రెండుమొనల పనిముట్టుతోనే త్రిప్పవలెను. స్క్రూడ్రైవరుతో ప్రయత్నించినచో అది జారి గాజును గీయును. తీసిన ప్రతి బిళ్లను తీసిన వరుసలోనే తెల్లగుడ్డపై నుంచి, ఏ ముఖము ముందున్నదో కాగితముపై వ్రాసికొనవలెను. బిళ్లల నడుమ నుండు ఎడపు వలయము తప్పిపోయినను, తారుమారైనను చిత్రము మసకబారును. వెలుగును తగ్గించు రేకులకు నూనె సోకరాదు.

ఇక తుడుచుట. మొదట గుడ్డ పట్టరాదు. బొగ్గురేణువులున్న గాజును గుడ్డతో రుద్దుట సానపట్టుటయే యగును. రబ్బరుబుడ్డితో గాలి యూది, మెత్తని కుంచెతో విదిల్చిన పిమ్మటనే తడి తగిలింపవలెను. ఐసోప్రొపైల్ ఆల్కహాలు గాని, మందులషాపులో దొరకు హైడ్రోజన్ పెరాక్సైడు గాని చాలును. దానిని గాజుపై పోయక, కటకములకై చేసిన మెత్తని కాగితమునకు ఒక్క చుక్క తగిలించి, నడుమ నుండి అంచునకు చుట్లుగా, ఒత్తిడి లేకుండ తుడువవలెను. ఇత్తడి చెంబును బూడిదతో తోము చేయి ఇచట కూడదు. ఆ తోముడుకు చెంబు మెరయును, కటకము గ్రుడ్డిదగును.

తుడిచిన పిదప బూజుతీగలు పోవును. కొన్నిచోట్ల వాని జాడలు మాత్రము చెట్టుకొమ్మల గీతలవలె నిలిచిపోవును. పనివాని వివేకమునకు పరీక్ష ఇచటనే. ఆ జాడలు గాజుపై అంటిన వస్తువు కావు. గాజునకు తగిలిన గాయములు. పోవలేదను పట్టుదలతో మరల మరల రుద్దువాడు మిగిలిన పూతను గూడ ఊడ్చివేయును. వెనుకనుండి టార్చి వేసి చూచిన ప్రతి గీతయు నక్షత్రమువలె మెరసి భయపెట్టును. అదే కటకముతో చిత్రము తీసినచో, సూర్యుని కెదురుగా తీసిన చిత్రము కొంత వెలవెలబోవుట తప్ప, సామాన్యముగా ఆ గీతల పొడయే కానరాదు.

ఇంతకంటె విచిత్రమైన సంగతి యొకటి కలదు. పాత కటకమును ఏటవాలుగా పట్టిన కనబడు నీలి లేక ఊదా వన్నెను చూచి, తెలియనివారు అది మరక యని రుద్దుదురు. అది వెలుగును కాపాడు పూత. పూతలేని గాజుముఖ మొక్కొక్కటి నూటికి నాలుగు పాళ్ల వెలుగును వెనుకకు త్రిప్పివేయును. పైన చెప్పిన కటకములో గాలికి తగులు ముఖములు ఆరు. కనుక పూత లేకున్న ఐదవవంతు వెలుగు నష్టము. ఈ రహస్యము బయటపడిన తీరు మరియు వింత. కాలవశమున వన్నెమారిన కటకములను అందరును చెడినవిగా నెంచుచుండగా, అవి క్రొత్తవానికంటె హెచ్చు వెలుగును లోనికి విడుచుచున్నవని 1890వ దశకమున హెరాల్డ్ డెన్నిస్ టేలర్ అను ఆంగ్లేయుడు గమనించెను. ఆ వన్నెను రసాయనములతో తెచ్చు పద్ధతికి ఆయన 1904లో పేటెంటు పొందెను. 1935లో జర్మనీయందలి జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మకుల పలుచని పూతను గాజున కెక్కించు విధానమును రూపొందించెను. లోకము మచ్చయని తుడిచివేయ జూచినదే తుదకు కటకమునకు అలంకారమైనది! మన ఇష్టలింగముపై నల్లని కంతిని మసియని గీకువా డెవడైన నున్నాడా?

జాతి, జనన, ప్రేత, రజస్సు, ఉచ్ఛిష్టము అను ఐదు సూతకములు లింగధారికి లేవని మన సిద్ధాంతము. లోకము మచ్చలనుకొన్నవి మచ్చలే కావని శరణులు 12వ శతాబ్దముననే తేల్చిరి. కల్యాణమున హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తె నిచ్చి వివాహము చేసినప్పుడు బిజ్జలుని కొలువునకు అది మహాపాతకముగా కనబడినదట. తండ్రు లిరువురకు మరణశిక్ష పడినదని సంప్రదాయము. మన మాకథను కన్నీటితో విందుము. విని యింటికి వచ్చి, సంబంధము మాటలలో పిల్ల పుట్టుకను, తల్లి పుట్టింటిని టార్చి వేసి వెదకుదుము.

త్రాగుడును మానినవాడు బూజు తుడిచిన గాజువంటివాడు. అతని పాత దినములను మరల త్రవ్వుట యేల? భర్తను కోల్పోయిన బిడ్డకు, కాపురము చెడి పుట్టింటికి చేరిన బిడ్డకు ఉన్నది గాయము. దానిని ప్రశ్నలతో రుద్దుట శుద్ధియని మన పెద్దలలో కొందరనుకొనుట నాకు మింగుడుపడదు. అయితే బూజును గూడ గాయమని విడిచిపెట్టరాదు. ఇంటిలో కట్నమునకై కోడలిని పీడించుట వంటిది పాకుచున్న బూజు. దానిని మచ్చయని సరిపెట్టుకొనిన నాలుగేండ్లలో గాజును తినివేయును. ఏది యేదో తేల్చుటకు ముందుగా గాలి యూది చూడవలెను. తుడుపు తరువాతి మాట.

కొన్ని కటకములలో రెండు బిళ్లలు బంకతో అతుకబడి యుండును. పూర్వము ఆ బంక కెనడా దేవదారు జాతి చెట్టు జిగురు. ఆ యతుకు నడుమ చేరిన బూజు ఇంటిపనికి అందునది కాదు. దానిని వేడిచేసి విడదీయ బూనక, అట్లే మూసివేయుట మేలు.

తిరిగి బిగించిన పిమ్మట పరీక్ష యొకటి చేయవలెను. ఫిలిము నుండుచోట గరుకు గాజుపలకను గరుకు ముఖము కటకమువైపునకు ఉండునట్లు అమర్చి, కవాటమును తెరచి యుంచి, దూరపు అవధికి త్రిప్పి, చెరువుకట్ట కావలి తాడిచెట్లవైపు చూడవలెను. చెట్లు తలక్రిందులుగా కనబడును. ఆకుల మొన లొక్కొక్కటిగా తేలినచో బిళ్లలు తమ చోట నున్నట్లే.