కబురు విని కదలిన తల్లి

(మే 31 – మరియమాత సందర్శన పండుగ. లూకా 1:39-56)



వేసవి సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళకు కళ వస్తుంది. పట్నంలో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు పిల్లలను తీసుకొని వస్తాడు. అత్తవారింటి నుండి ఆడపడుచు వస్తుంది. పగలు ఆవకాయ పనులు, తాటిముంజలు, పిల్లల అల్లరి. రాత్రి డాబా మీద పక్కలు పరచుకొని ప్రొద్దుపోయే దాకా కబుర్లు. ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరికి మోకాళ్ళ నొప్పులు, ఏ గేదె ఈనింది, బోరులో నీళ్ళు ఉన్నాయా, కువైట్ వెళ్ళిన బావ ఎప్పుడు వస్తాడు – ఇవే మాటలు. గుడిలో వినే దేవుని మాట వేరు, ఇంట్లో చెప్పుకునే ఈ మాటలు వేరు అని మనలో చాలామంది అనుకుంటారు. పవిత్ర గ్రంథం మాత్రం ఈ రెండింటి మధ్య గోడ కట్టలేదు.

దేవదూత తెచ్చిన ఇంటి కబురు

గబ్రియేలు దేవదూత నజరేతుకు తెచ్చిన వార్త ఎంతటిదో మనకు తెలుసు. లోకరక్షకుడు మరియమ్మ గర్భాన జన్మించబోతున్నాడు. అంతటి వార్త చెప్పిన నోటితోనే ఆ దూత మరొక చిన్న కబురు కూడా చెప్పాడు. ఆమెకు చుట్టమైన ఎలిజబెతమ్మ వృద్ధాప్యంలో గర్భవతి అయిందనీ, ఆమెకు ఆరవ నెల అనీ తెలియజేశాడు (లూకా 1:36). ఇది మన ఆడవారు అరుగు మీద చెప్పుకునే కబురు వంటిది కాదా? పరలోకం నుండి వచ్చిన దూత దానిని చిన్నచూపు చూడలేదు. దేవునికి అసాధ్యమైనది ఏదీ లేదని చెప్పడానికి ఆ ఇంటి కబురునే సాక్ష్యంగా చూపించాడు.

మరియమ్మ ఆ కబురు విని ఊరుకోలేదు. త్వరపడి బయలుదేరింది. నజరేతు ఉన్నది ఉత్తరాన గలిలయలో. జెకర్యా ఇల్లు ఉన్నది దక్షిణాన యూదయా కొండసీమలో. యెరూషలేము ప్రక్కన ఉన్న ఐన్ కరేమ్ గ్రామమే ఆ ఊరని ప్రాచీన సంప్రదాయం చెబుతున్నది. నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం అది. వెళ్ళి, దాదాపు మూడు నెలలు ఉన్నది.

ఇక ఎలిజబెతమ్మ సంగతి చూడండి. బిడ్డలు లేరన్న నిందను ఏళ్ళ తరబడి మోసింది. గర్భం ధరించిన తరువాత ఐదు నెలలు ఎవరికీ కనబడకుండా ఉండిపోయింది. ఇంట్లో భర్తకు మాట పడిపోయింది. దుఃఖాన్ని సరే, సంతోషాన్ని చెప్పుకోవడానికైనా మనిషి లేని ఇల్లు అది! ఆ గడపలో మరియమ్మ పలకరింపు వినబడగానే కడుపులోని బిడ్డ సైతం గంతులు వేశాడు. ఒక చుట్టం పలకరింపుతో పవిత్రాత్మ ఆ ఇంటిని నింపాడు.

మరొక సంగతి గమనించండి. ఎలిజబెతమ్మ వయసులో పెద్దది. వచ్చినది చిన్నపిల్ల. తన బిడ్డ కంటె ఆమె బిడ్డ గొప్పవాడని ఆ క్షణాన ఎలిజబెతమ్మకు తెలిసింది. అయినా ఆమె ముఖం మాడలేదు. ప్రభువు తల్లి తన ఇంటికి రావడం తనకు దక్కిన భాగ్యమని పొంగిపోయింది. చుట్టాల బిడ్డ వృద్ధిలోకి వచ్చాడని వినగానే మన గుండెలో ఏమి కదులుతుందో ఎవరికి వారు ఆత్మపరిశోధన చేసుకోవాలి.

మాట పంచుకోవడమే కలిసి బ్రతకడం

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ స్నేహాన్ని గురించి వ్రాస్తూ ఒక మంచి విషయం చెప్పాడు. ఒకే చోట మేసినంత మాత్రాన పశువులు కలిసి ఉన్నట్లు లెక్క. మనుషులకు అది చాలదు. మాటనూ, మనసులోని ఆలోచననూ పంచుకున్నప్పుడే మనుషులు కలిసి జీవించినట్లు అని ఆయన భావం. పునీత తోమాసు అక్వినాసు గారు ఇంకా పైకి వెళ్ళి, దైవప్రేమ కూడా స్నేహమేననీ, దేవుడు తన ఆనందాన్ని మనతో పంచుకోవడమే దానికి పునాది అనీ బోధించారు. మన భాషలో 'సువార్త' అన్న మాటలోనే 'వార్త' ఉన్నది. దేవుడు మనకు దూరం నుండి వార్త పంపి ఊరుకోలేదు. తానే మన ఇంటికి వచ్చాడు.

పునీత పౌలు గారి లేఖలు చదవండి. రోమీయులకు వ్రాసిన లేఖ చివరి అధ్యాయంలో ఇరవై మందికి పైగా పేరు పేరునా కుశలం అడిగారు. తిమోతికి వ్రాసిన రెండవ లేఖలో, త్రోయలో కర్పు ఇంట వదలివచ్చిన అంగీని తెమ్మని అడిగారు. త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచి వచ్చానని తెలిపారు. చలికాలం రాకముందే రమ్మని బ్రతిమాలారు (2 తిమోతి 4:13, 20-21). అంగీ కబురు, జబ్బు కబురు – ఇవన్నీ దేవుని వాక్కులో చోటు సంపాదించుకున్నాయి.

కబుర్లు చెప్పుకునే పద్ధతి

నిర్గమకాండం 18వ అధ్యాయంలో మోషే వద్దకు ఆయన మామ యిత్రో వచ్చాడు. మోషే ఎదురువెళ్ళి నమస్కరించాడు. ఇద్దరూ ఒకరి క్షేమం ఒకరు అడిగి గుడారంలోకి వెళ్ళారు. దేవుడు చేసిన మేలులతో పాటు దారిలో పడిన కష్టాలు కూడా మోషే దాచకుండా చెప్పాడు. యిత్రో విని, సంతోషించి, దేవుని స్తుతించాడు. సలహా ఎప్పుడు ఇచ్చాడు? మరునాడు! అల్లుడు ఉదయం నుండి సాయంత్రం దాకా పడుతున్న శ్రమను కళ్ళారా చూసిన తరువాతనే నోరు విప్పాడు. మనమైతే చెప్పేవాడి మాట పూర్తికాక ముందే సలహా అందిస్తాము.

కష్టాలు కూడా చెప్పుకోవాలన్నది ఇందులో ముఖ్యమైన పాఠం. వెనుక మన ఉత్తరాలు 'ఉభయ కుశలోపరి' అని మొదలయ్యేవి. ఇరువైపులా క్షేమమని ముందే వ్రాసేసి, జ్వరం సంగతీ అప్పు సంగతీ ఆ తరువాత మెల్లగా చెప్పేవారు. ఇప్పుడు వాట్సాప్‌లో కుటుంబానికంతటికీ ఒక గ్రూపు ఉంటున్నది. పుట్టినరోజు ఫొటోలు, కొత్త కారు, కొడుక్కి వచ్చిన జీతం అందులోకి వస్తాయి. ఉద్యోగం పోయిన వాడు, కాపురం చెడి పుట్టింటికి చేరిన ఆడపిల్ల, తాగుడు మానలేక కుమిలిపోతున్న వాడు అందులో మాట్లాడరు. ఒక తల్లి నాతో అన్నది: "ఫాదర్ గారూ, మా వాడు ఫోనులో అంతా బాగుందనే చెబుతాడు. బాగాలేదని వాడి గొంతు చెబుతుంది." చెప్పని కబురును గొంతులో వినగలగడమే ప్రేమ.

మార్కులెన్ని?

వేసవిలోనే పరీక్షా ఫలితాలు కూడా వస్తాయి. చుట్టాల ఇంట కాలు పెట్టగానే మంచినీళ్ళు ఇవ్వకముందే పిల్లవాడిని అడిగే ప్రశ్న ఇదే. పెద్దలకు అది మాట కలపడం. తప్పిన పిల్లవాడికి అది కత్తిపోటు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు వ్రాశాయి. ఆ ఫలితాలలో జరిగిన పొరపాట్ల మీద ఎంతో గొడవ జరిగింది. కాని పొరపాటు ఎవరిదైనా, ఒక బిడ్డ 'రేపు చుట్టాలకు నా ముఖం ఎలా చూపించాలి' అని భయపడే స్థితి వస్తే, ఆ పాపంలో మనకు కూడా భాగం ఉన్నది. ఎలిజబెతమ్మ మోసిన నింద వంటి నిందనే మనం ఆ పసివాడి నెత్తిన పెడుతున్నాము.

కనుక ఈ వేసవిలో పిల్లలను అడగవలసిన మొదటి మాట "ఎలా ఉన్నావు నాన్నా?" అన్నదే. బ్రతకాలని లేదని ఏ బిడ్డయినా అంటే దానిని బెదిరింపుగా కొట్టివేయకండి. ఒంటరిగా వదలకండి, వైద్యునికి చూపించండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ ఉచిత ఫోను నంబరు 14416 మీ ఇంట అందరికీ తెలిసి ఉండాలి.

ఇంకొక హెచ్చరిక. కబురు పంచుకోవడం వేరు, ఒకరి గుట్టు ఇంకొకరికి మోయడం వేరు. విన్న మాటను మనలోనే సమాధి చేయమనీ, దానివలన మన కడుపు పగిలిపోదనీ సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం బోధిస్తున్నది (19:10). నీ దగ్గర ఒకరు కన్నీళ్ళతో చెప్పుకున్నది ఇంకో ఇంటి డాబా మీద కాలక్షేపం కారాదు.

చీలిపోయిన ఇళ్ళ కొరకు

ఈ పండుగ చరిత్రలోనూ మనకు పాఠం ఉన్నది. దీనిని 1263లో ఫ్రాన్సిస్కన్ సభవారు చేపట్టారు. 1389లో ఇది శ్రీసభ అంతటికీ విస్తరించింది. అప్పుడు శ్రీసభ రెండుగా చీలి ఉన్నది. 1378లో మొదలైన ఆ చీలిక 1417 దాకా మానలేదు. దేవమాత తన సందర్శనంతో చీలిన కుటుంబాన్ని కలపాలన్నది ఆనాటి ఆశ. వెనుక జూలై 2న జరిపిన ఈ పండుగను 1969లో మే 31కి మార్చారు. మన తెలుగువారికి అది సరిగ్గా సెలవుల కాలం.

గట్టు తగాదాతోనో, పెళ్ళి పిలుపు అందలేదన్న కోపంతోనో మాటలు మానేసిన అన్నదమ్ములు మన విచారణలలో ఉన్నారు. మే మాసం జపమాలకు ప్రక్క ప్రక్కన మోకరించి, బయటకు వచ్చాక ముఖాలు తిప్పుకొని వెళ్ళేవారూ ఉన్నారు. 2021 మే నెల గుర్తున్నదా? కరోనా కాలంలో చివరి చూపుకు కూడా వెళ్ళలేక ఎంతమంది ఏడ్చారు! అప్పుడు దారులు మూసుకుపోయాయి. ఇప్పుడు తెరచి ఉన్నాయి. మూసి ఉన్నది మన మనసే.

కావున ఈ పండుగ లోపల ప్రతి కుటుంబమూ ఒక పని చేయాలి. చాలాకాలంగా కబురు తెలియని చుట్టం ఒకరిని గుర్తు చేసుకోండి. ఒంటరిగా ఉన్న మేనత్త కావచ్చు, మాట పోయిన తమ్ముడు కావచ్చు. వెళ్ళగలిగితే వెళ్ళండి. దూరమైతే ఫోను చేసి, మీ మాట తగ్గించి వారి మాట వినండి. ఆ రాత్రి సంతోష దేవరహస్యాలలో రెండవదానిని వారి పేరున ధ్యానించండి. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇంట్లో దేవుని స్తుతి మిగలాలి; మన గొప్పలు కాదు.

త్వరపడి కొండసీమకు నడచిన దేవమాత మన ఇళ్ళనూ సందర్శించును గాక. ఆమె ఒడిలోని ప్రభువు మన మాటలను దీవించి, చెప్పుకోలేని వారికి వినే చెవినీ, విడిపోయిన వారికి తిరిగి కలిసే దారినీ అనుగ్రహించును గాక. ఆమెన్.