కనబడని నిధిని లెక్కించుట

(చదువవలసిన భాగములు: లూకా 14:28–30, యాకోబు 4:13–16)



తంబళ్లపల్లె ప్రాంతపు మెట్ట పొలములకు బోరే ఆధారము. బోరు వేయకమునుపు ఒకరు అరచేత టెంకాయ పెట్టుకొని, మరియొకరు వేపపుల్ల పట్టుకొని చేనంతయు తిరుగుదురు. టెంకాయ లేచి నిలిచినచోట, "రెండించుల నీళ్లు తప్పక పడును" అందురు. ఆ మాట నమ్మి మనము అప్పు చేయుదుము. నీళ్లు పడినయెడల ఆ మాట ఊరంతయు ప్రాకును. బండదుమ్ము లేచినయెడల అప్పు మాత్రము మన యింట మిగులును. కనబడనిదానిని లెక్కించుటయే తప్పా? లేక లెక్కించు విధములో తప్పున్నదా?

2008లో అమెరికా భూగర్భ పరిశోధన సంస్థవారు ఉత్తర ధ్రువప్రాంతములో ఇంకను కనుగొనబడని చమురు 9,000 కోట్ల పీపాలు, గ్యాసు 1,669 లక్షల కోట్ల ఘనపుటడుగులు ఉండవచ్చునని అంచనా వేసిరి. అచ్చటి రాతిపొరలను లోకములో చమురు దొరికిన ఇతర స్థలముల పొరలతో పోల్చి వారీ లెక్క కట్టిరి. అయితే ఇంత ఉండుటకు ఇంతమట్టుకే అవకాశమని చెప్పిరి. వెలికి తీయుటకగు ఖర్చును లెక్కలో చేర్చలేదనియు చెప్పిరి.

మన కృష్ణా గోదావరి తీరపు సముద్రములో మరియొకటి జరిగెను. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ యొకటి అచ్చట 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు దొరికెనని ప్రకటింపగా దేశము సంతోషించెను. తరువాతి లెక్కలలో దానిలో సుమారు పదియవ వంతే నిలిచెను. వేల కోట్ల అప్పు మిగిలెను. 2017లో ఓ.ఎన్.జి.సి. అందులో 80 శాతము వాటా కొనెను.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు బోధించెను. కావున లెక్కించుట పాపము కాదు. రేపటి లాభమును నేడే చేతిలో ఉన్నట్లు పలుకువానిని యాకోబు గద్దించుచున్నాడు. "ఉండవచ్చును" అనుటకును "ఉన్నది" అనుటకును ఒక్క మాటయే భేదము. కాని ఆ మాటపై మరియొకడు తన భార్య మెడలోని బంగారమును కుదువ పెట్టినప్పుడు అది అబద్ధ సాక్ష్యమగును.

"విశ్వాసమనగా కనబడనివాటిని నమ్ముట గదా, బోరు విషయములో సందేహమేల?" అని కొందరడుగుదురు. విశ్వాసము వాగ్దానముచేసిన దేవునిపై నిలుచును. వెయ్యి అడుగుల లోతున నీళ్లిత్తునని ఆయన మనలో ఎవనికిని మాట యియ్యలేదు. నీళ్లు పడుట విశ్వాసమునకు బహుమానము కాదు. పడకపోవుట పాపమునకు శిక్ష కాదు. మనుష్యుడు భూమి లోతులను శోధించి లోహములను వెలికి తీసినను, జ్ఞానము దొరకు చోటు దేవునికే తెలియునని యోబు 28వ అధ్యాయము మనకు నేర్పుచున్నది.

కాబట్టి అప్పు తెచ్చుటకు ముందు ఇంటిల్లిపాదియు కూర్చుండి, "నీళ్లు పడనియెడల ఈ అప్పు దేనితో తీర్చెదము?" అని అడుగుకొందము. జవాబు లేనియెడల ఆగుదము. ఇతరులు సలహా యడిగినప్పుడు తెలిసినంతయే చెప్పుదము. బోరు ఎండిన పొరుగువానిని చూచి ఎవరు పాపము చేసిరని విచారింపక, మన బోరులో నీళ్లున్నయెడల అతని చేనికి ఒక తడి యిత్తము. అవి అంచనా నీళ్లు కావు. దేవుడు మన చేతికిచ్చిన నీళ్లు. వాటి లెక్కయే ఆయన మనలను అడుగును.