ప్రశ్నయు మర్యాదయు

1860 నవంబరు 16న ట్రూరో నౌక మద్రాసునుండి వచ్చి డర్బను రేవు చేరినది. నాటినుండి 1911 వరకు నేటాలు చెఱకుతోటలకు వచ్చిన తెలుగు కూలీలు ఐదేండ్ల ఒడంబడికకు కట్టుబడినవారు. అనుమతి చీటి లేక తోట విడిచినచో శిక్ష. సర్దారుకు ఎదురాడినచో కష్టము. ఆ భయము నేర్పిన మౌనమే కాలక్రమమున ఇండ్లలో వినయమను పేర నిలిచినది. అట్టి ఇంట పెరిగినవాడే నేటి పెద్ద అధికారి.

చక్కెర మిల్లులో క్రొత్తగా చేరిన యువకుడు “ఇంత తొందర ఎందుకండీ?” అని అడిగినచో, ఆయనకు అది ధిక్కారముగా తోచును. “నరికిన చెఱకు నిలువయున్న కొలది అందలి పంచదార తగ్గును నాయనా” అని ఆయన చెప్పినచో, ఆ ఆజ్ఞయే విద్య యగును. కారణము చెప్పుటవలన పెద్దరికమునకు లోటు రాదు.

యువకుడును ఒకటి గ్రహింపవలెను. ఆ పెద్దకు ఆయన వయస్సున కారణము చెప్పినవారు లేరు. కావున అడుగుట అతని హక్కైనను, ఓర్పుతో అడుగుట అతని ధర్మము. పూర్వులకు దొరకని ప్రశ్నించు స్వేచ్ఛను ఇరువురును కలిసి కాపాడుకొనవలెను.