బీమా ఉన్నవాడు తన తప్పును ఒప్పుకొనవచ్చునా?



మన తెలుగువారు స్వంత ఊరు విడిచి వచ్చిన చోట్ల చేపట్టిన పనులలో కట్టడపు పని ముఖ్యమైనది. బొంబాయిలో కామాఠీలు, తరువాత దేశమంతటా పాలమూరు కూలీలు ఈ పని మీదనే బ్రతికారు. అట్టివారి పిల్లలలో కొందరు కాంట్రాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారు. కనుక బాధ్యత బీమా అనే మాట మన ఇండ్లలోనికి కూడ వచ్చినది. దానిని గూర్చిన ఒక ప్రశ్నను మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము.

గృహనిర్మాణము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చే సేవయేనని 1993లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టము ప్రకారము, ఇల్లు అప్పగించిన 5 సంవత్సరములలోపు కట్టడపు లోపము బయటపడి తెలియజేసినచో, బిల్డరు 30 దినములలో ఉచితముగా సరిచేయవలెను. ఇట్టి బాధ్యతలు పెరిగినకొలది బీమా అవసరమూ పెరిగినది. ఇంజనీరు లెక్క తప్పి ఇతరులకు నష్టము కలిగితే ఒక రకము పాలసీ, పని జరుగుచుండగా ప్రక్కవారికి హాని కలిగితే మరియొక రకము పాలసీ ఉన్నవి. తెలిసి చేసిన మోసమునకు మాత్రము ఏ పాలసీయు ఆదుకొనదు.

బీమా ఉంటే మనిషి అజాగ్రత్తపరుడగునని కొందరందురు. ఆ అపాయము లేకపోలేదు. అయితే బీమా లేని కాంట్రాక్టరు చేతులెత్తేస్తే నష్టపోయేది గాయపడినవాడే గదా! కనుక బీమా తీసుకొనుట పొరుగువాని మేలు కోరుటయే అని మా అభిప్రాయము.

అసలు చిక్కు వేరొకచోట ఉన్నది. బాధ్యత పాలసీలలో సాధారణముగా ఒక షరతు ఉండును. కంపెనీ వ్రాతపూర్వక అనుమతి లేకుండ తప్పు ఒప్పుకొనకూడదు, సొమ్ము ఇస్తానని మాట ఇవ్వకూడదు. ఒక మేస్త్రీ కట్టిన పరంజా కూలి, ప్రక్కింటి వృద్ధురాలి చేయి విరిగినదనుకొందము. తాడు పాతదని అతనికి తెలుసు. “ఎట్లా జరిగింది నాయనా?” అని ఆమె అడిగితే అతడు ఏమి చెప్పవలెను?

ఆ షరతులో న్యాయము లేకపోలేదు. బీమా సొమ్ము అనేకులు కట్టిన ప్రీమియముల కూడిక. ఇతరుల డబ్బుతో దాతృత్వము చూపుటకు మనకు హక్కు లేదు. చట్టరీత్యా బాధ్యత ఎవరిది, పరిహారమెంత అన్నవి కంపెనీయో, కోర్టో తేల్చవలసినవి. కాని జరిగిన సంగతి మేస్త్రీకి తెలిసినది. “ఎంత వస్తుందో నేను చెప్పలేను పెద్దమ్మా, తాడు మాత్రము పాతదే” అనుట సత్యము. “గాలికి కూలింది” అనుట అబద్ధము. ఏ షరతూ మనచేత అబద్ధమాడించజాలదు.

మరి ఆ సత్యము వలన క్లెయిము పోతేనో? పోవచ్చును. అప్పుడు తన చేతి సొమ్ము చెల్లించవలసి రావచ్చును. ఖర్చు లేనంతవరకు నిజము చెప్పుట అందరికీ సులభమే. ఖర్చు వచ్చిన చోటనే మన మాట విలువ తెలియును.

కనుక పాలసీ తీసుకొనునప్పుడే ఆ షరతును చదివించుకొనండి. ప్రమాదము జరిగిన వెంటనే, పాత తాడు సంగతితో సహా, కంపెనీకి తెలుపండి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చుటకు, వెళ్లి పలుకరించుటకు ఎవరి అనుమతి అక్కరలేదు.

క్రొత్త ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉన్నది. ఎవడో పడిన తరువాత కాదు, పడకముందే. పాత తాడు మార్చుటయే మొదటి బీమా. రెండవది కాగితము మీదిది. అది సొమ్ము చెల్లించును గాని, మన బదులు ఆ వృద్ధురాలి గడపకు వెళ్లదు. అక్కడికి మనమే వెళ్లవలెను.