పేరు లేని చెంబు

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున, అమ్మ వంటింటి గట్టు మీదున్న రాగిచెంబు వైపు చెయ్యి చూపించి, నోరు తెరిచి, ఆగిపోయింది. నీళ్ళు కావాలని నాకర్థమైంది. కానీ ఆమె ఆగింది నీళ్ళ కోసం కాదు, మాట కోసం. "అది... అది..." అంది. నలభై ఏళ్ళుగా చింతపండు పెట్టి తోమిన చెంబు. దాన్నే చూస్తూ చాలాసేపు నిలబడింది. ఆమె కళ్ళలో భయం కనిపించింది నాకు.

స్ట్రోక్ ఎడమవైపు మెదడులో వచ్చింది. కుడిచెయ్యి కొంత పడిపోయింది, మాట చాలావరకు పోయింది. దీన్ని అఫేసియా అంటారు. అమ్మ తెలివి ఎక్కడికీ పోలేదు. వస్తువేంటో తెలుసు, దాంతో ఏం చెయ్యాలో తెలుసు, పేరు మాత్రం నోటికి రాదు. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు పరీక్షించిన రోగి ఒకాయన, ఏమడిగినా "టాన్" అనే అనేవాడట. అమ్మకి "అది" మిగిలింది. చిత్రమేమిటంటే ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా లెక్కపెడుతుంది. పాట ఎత్తుకుంటే మాటలతో సహా వస్తుంది. కోపమొస్తే తిట్టు కూడా శుభ్రంగా వస్తుంది. "ఇప్పుడు 'మూడు' అనమ్మా" అంటే మాత్రం రాదు.

ఇక నా సంగతి. మాది మదనపల్లె, జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిన ఊరు. మా ఊళ్ళో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఎక్కువ, చదివినవాళ్ళు తక్కువ. నేనూ హైదరాబాదులో ఉద్యోగంలో చేరి, నిద్ర పట్టని రోజుల్లోనే చదివాను. అమ్మకి ఇలా అయ్యేనాటికి ఆరేళ్ళుగా పొద్దున్నే బాల్కనీలో కూచుని "చూడటం" ఒక అలవాటు చేసుకున్నాను. శ్వాసని లెక్కపెట్టడం లాంటివేం కాదు. ఎదురుగా ఉన్న కానుగచెట్టుని, దాని పేరు తలుచుకోకుండా చూడటం. ఆయన చెప్పేదాన్ని నాకర్థమైనంతలో చెప్తే, ఒక పువ్వుకి పేరు పెట్టగానే మనం చూడటం ఆపేస్తాం. పేరుతోపాటు పాత జ్ఞాపకం వచ్చి కళ్ళకి అడ్డం కూచుంటుంది. ఆ అడ్డం తొలిగితే చూసేవాడు వేరు, చూడబడేది వేరు అనే చీలిక కూడా ఉండదు. నా డైరీలో ఒకచోట రాసుకున్నాను కూడా: "పేరు తీసేస్తే వస్తువు కనిపిస్తుంది."

అమ్మ చెంబు ముందు నిలబడినరోజు ఆ వాక్యం గుర్తొచ్చి సిగ్గేసింది. పేరు తీసేశారు కదా, ఏం కనిపించింది ఆమెకి?

సిగ్గుతో ఆగిపోయుంటే బాగుండేది. ఆగలేదు. జిల్ బోల్టి టేలర్ అనే అమెరికన్ మెదడు శాస్త్రవేత్త గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1996 డిసెంబర్ 10న, ముప్పై ఏడేళ్ళ వయసులో, ఆవిడకి ఎడమ మెదడులోనే రక్తనాళం చిట్లింది. లోపలి వాగుడు ఆగిపోయిందనీ, తన ఒళ్ళు ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా చుట్టూ ఉన్నదాంట్లో కలిసిపోయినట్టనిపించిందనీ, ఆ శాంతి అంతకుముందెప్పుడూ ఎరగననీ 2008లో టెడ్ వేదిక మీద చెప్పింది. నేనా వీడియో పదిసార్లన్నా చూసుంటాను. మనుషులు అష్టకష్టాలు పడి ధ్యానాల్లో వెతికే ఏకత్వం ఆవిడకి ఒక్క పొద్దున్నే దొరికింది మరి. ఆవిడ మామూలు మనిషి కావడానికి ఎనిమిదేళ్ళు పట్టిందనీ, పసిపిల్లకి నేర్పినట్టు వాళ్ళమ్మ మళ్ళీ మొదట్నించీ నేర్పిందనీ కూడా ఆవిడే చెప్పింది. ఆ ముక్క నేను అంతగా వినలేదు.

ఒక సాయంత్రం అమ్మ పక్కన కూచుని అడిగేశాను. "అమ్మా, లోపల ఎట్లుంది? మాటలు లేకుంటే నెమ్మదిగా ఉందా?"

ఆమెకి ప్రశ్న పూర్తిగా అర్థమైంది. కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత ఒక్క అక్షరం తడబడకుండా అంది: "నీ మొగం మండ."

నవ్వొచ్చింది, ఇద్దరికీ. రాత్రి పడుకున్నాక నవ్వు పోయింది. కన్నతల్లి మాట పోగొట్టుకుని అల్లాడుతుంటే, నేను చదివిన పుస్తకాలకి ఆమె దగ్గర సాక్ష్యం తీసుకోబోయాను. ఎరుక, సాక్షీభావం, ఇంకో పేరు ఏదైనా పెట్టుకోండి, ఆరేళ్ళు సాధన చేసి నేను నేర్చుకున్నది ఇదా? ఎదుటి మనిషి బాధని కూడా కానుగచెట్టుని చూసినట్టు చూడటమా?

ఈ తగాదా పాతదే. ప్రత్యక్షంలో పేరు, జాతి లాంటి కల్పనలేవీ ఉండవన్నాడు దిఙ్నాగుడు. మాట అల్లుకోని జ్ఞానమే లోకంలో లేదన్నాడు భర్తృహరి. కాలేజీ రోజుల్లో నేను దిఙ్నాగుడి పక్షం. అమ్మ పుణ్యమా అని భర్తృహరి మీద కాస్త గౌరవం పెరిగింది. కానీ వాళ్ళలో ఎవరు నెగ్గారన్నది కాదు ఇప్పుడు నా బెంగ. ఉపవాసం వేరు, పస్తు వేరు. కంచంలో అన్నం ఉండి పక్కకి జరిపినవాడికి ఆకలి ఒక సాధన. కంచమే లేనివాడికి ఆ పాఠం చెప్పబోవడం పాపం. కృష్ణమూర్తి పదేళ్ళవాడుగా ఉన్నప్పుడు తల్లి పోయింది. 1911లో ఇంగ్లండుకి తీసుకుపోయాక తెలుగు కూడా పోయింది. పెద్దయ్యాక ఆయనకి మన భాష రాదు. పేరుకీ వస్తువుకీ మధ్య ఉన్న ఎడం ఆయనకి అంత స్పష్టంగా కనపడటానికీ ఈ పోగొట్టుకోవడానికీ ఏమైనా సంబంధం ఉందా అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, ఆయన ఒప్పుకునేవాడు కాదేమో.

స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి మాత్రం పుస్తకాల్లో లేని పని ఒకటి అప్పజెప్పింది. "ఆంటీ మాట కోసం వెతుకుతున్నప్పుడు మీరు అందించకండి. మనసులో పది లెక్కపెట్టండి." అంతే.

పది అంకెలు ఎంత పొడుగో అప్పుడు తెలిసింది. అమ్మ "అది..." అని మొదలుపెడుతుంది. రెండు, మూడు. నా నాలుక చివర "దువ్వెన" సిద్ధంగా ఉంటుంది. నాలుగు. ఆమె పెదాలు కదులుతాయి. నా కాలు ఊగుతుంటుంది. ఐదు, ఆరు. ఎందుకంత తొందర? ఆమె కష్టం చూడలేక అనుకునేవాణ్ణి. నిదానంగా చూస్తే అది కాదు. వీధి మొత్తానికి వినపడేట్టు మాట్లాడే మా అమ్మ ఒకావిడ నా తలలో ఉంది. ఈమె ఆవిడ కాదన్న సంగతి ఆ పది అంకెల్లో బయటపడుతోంది. అది నేను చూడలేకపోతున్నాను. దువ్వెన అందించేది ఆమెకి కాదు, నాకు.

ఇది కనిపెట్టినందుకు లోపల్లోపల కొంచెం గర్వం కూడా కలిగింది. "ఓహో, నా అసహనాన్ని నేను గమనిస్తున్నాను" అని. కొన్నాళ్ళు ఆ ముచ్చట నడిచింది. గమనించేవాడు పెద్దమనిషిలా కుర్చీలో కూచుంటాడు, అసహనం పాపం కింద నిలబడుతుంది. ఆ పెద్దమనిషి కూడా అదే గుడ్డలోంచి చించిన ముక్కేనని కృష్ణమూర్తి పుస్తకం పుస్తకంలో మొత్తుకున్నాడు. చదివినప్పుడు అండర్‌లైన్ చేసుకున్నాను. ఎనిమిది దగ్గర నా మొహంలో ఓపిక కనపడాలని నేను ప్రయత్నిస్తున్నట్టు అమ్మ పట్టేసి, విసుగ్గా మొహం తిప్పుకున్నరోజు అర్థమైంది.

సంక్రాంతికి ముందు అనపకాయలొచ్చాయి. మా వైపు చలికాలంలో అనపగింజలు నానబెట్టి, ఒక్కోటీ పితికి, పొట్టు తీసి పులుసు చేస్తారు. పితికిన పప్పు. చెయ్యడానికి పూట పడుతుంది, తినడానికి పది నిమిషాలు. అమ్మ బేసిన్ ముందేసుకుని కూచుంది. కుడిచెయ్యి మాట వినదు గనక ఎడమచేత్తో. నేను పితికితే గింజ ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. ఆమె నా బొటనవేలు పట్టుకుని ఎక్కడ నొక్కాలో చూపించింది. తర్వాత ఎంతసేపు కూచున్నామో తెలియదు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. గింజలు జారుతున్నాయి. పక్కింట్లో కుక్కర్ కూసింది. మధ్యలో అమ్మ రెండుమూడుసార్లు "అది" అన్నట్టుంది. నేను గిన్నె జరిపాను, కత్తి అందించాను, ఇంకేదో చేశాను. లెక్కపెట్టలేదు. పెట్టలేదని కూడా బేసిన్ ఖాళీ అయ్యాకే తెలిసింది.

ఏకత్వమా అది? అంత పెద్ద మాట వెయ్యడానికి నాకు నోరు రావట్లేదు. కానుగచెట్టు ముందు ఆరేళ్ళలో ఒకటి రెండుసార్లు కలిగిన పారవశ్యం లాంటిదేం లేదు ఇందులో. ఎదురుచూసేవాడు మాత్రం కాసేపు లేడు. ఆ సంగతి తట్టిన మరుక్షణం దీని గురించి రాయాలనిపించింది, వాడు తిరిగొచ్చేశాడు. ఇదిగో రాస్తున్నాను.

ఆమె చదవలేదు కాబట్టి, పంపేముందు దీన్ని అమ్మకి చదివి వినిపించాను. ఆమె గురించి ఆమెకి తెలియకుండా రాయడం ఇంకోసారి అదే తప్పు చెయ్యడం అనిపించింది. తిట్టు దగ్గర నవ్వింది. పితికిన పప్పు దగ్గర తలూపింది. మొదటి పేరాలో, ఆమె కళ్ళలో భయం కనిపించిందన్న చోట మాత్రం నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"కాదు" అంది.

"భయం కాదా? మరి ఏందమ్మా?"

"కాదు. అది... అది..."

పది దాటింది. ఇరవై దాటింది. ఆమె చెయ్యి నా మణికట్టు మీదే ఉంది. మాట రాలేదు. ఆ వాక్యం మార్చడానికి నా దగ్గర ఇంకో మాట లేదు, అందుకని అలాగే ఉంచాను. రేపు పొద్దున మళ్ళీ అడుగుతాను.