గోప్యనివాసము – గృహస్థధర్మము

కంటబడకుండ నివసించుట ధర్మమా, వంచనా అను ప్రశ్న మన పూర్వులకు క్రొత్తది కాదు. పాండవులు విరాటుని కొలువులో ఒక సంవత్సరము మాఱుపేరులతో గడపిరి. సత్యమునకు పెట్టినది పేరైన ధర్మరాజే కంకుభట్టై రాజుతో జూదమాడుచు కాలము పుచ్చెను. ఆ కథ విన్న ప్రతివాడును ఇందులో అసత్యదోషము లేదా యని ఎప్పుడో ఒకనాడు తలపోసియే యుండును. ఆ ప్రశ్నయే ఒమాన్ దేశమున, బాతినా తీరమునందలి ఖబూరాలో, ఒక తెల్లని పికప్పు బండిని చూచినప్పుడు నా మనస్సున మరల మెదలినది.

ఖబూరా మస్కట్టునకు వాయవ్యదిశను రెండు గంటల దారిలో నున్న సముద్రతీరపట్టణము. ఒక వంక ఒమాన్ సింధుశాఖ, మఱియొక వంక హజర్ పర్వతశ్రేణి, నడుమ ఖర్జూరవనములు. కొండలలోనికి త్రోవ చూపు వాదీ హవాసినా అను ఏటిలోయ వచ్చి ముగియునది ఈ తీరముననే. ఇచ్చట పికప్పు లేని జీవనము లేదు. వేకువను రేవునుండి చేపలు మోయునదియు, పగలు మేకలకు గడ్డి తెచ్చునదియు, సాయంకాలమున ఇసుకయు సిమెంటును చేరవేయునదియు అదియే. కావుననే తెల్లని పికప్పు ఎచ్చట నిలిచినను ఎవ్వరును తలయెత్తి చూడరు. గోదావరి సీమనుండి వచ్చి ఇచ్చట వడ్రంగము చేయుచున్న నా మిత్రుడొకడు తన పాత బండిని నిద్రాగృహముగ మలచుకొనుటలో ఈ సంగతినే ఆధారము చేసికొనెను.

అతని బండి ముందు ఒకే వరుస ఆసనములు గలది గనుక వెనుక తొట్టి మనిషి కాళ్లు చాచి పండుకొనుటకు చాలునంత పొడవున్నది. రెండు వరుసల బండియైనచో ఆ తొట్టి అయిదడుగులకు కొంచెమే మించును. చక్రములపై నుబ్బియుండు ఇనుపగూళ్ల యెత్తునకు సరిగా ప్లైవుడ్డు బల్ల పఱచి, దానిపై పఱుపు వేసి, క్రింద రెండు సొరుగు లమర్చెను. ఒకదానిలో పొయ్యి, బియ్యము, పప్పు, గుడ్డచుట్టి మూలకు బిగించిన ఆవకాయ జాడీ. రెండవదానిలో ఇసుకలో దిగబడిన చక్రముల క్రింద వేయు పలకలు, పార, మోకు, టైర్లకు గాలిపట్టు యంత్రము. ఇరువది లీటర్ల నీటిడబ్బాలు రెండు, బరువు ముందుకు నిలుచునట్లు క్యాబిను గోడకు ఆనించి కట్టబడినవి. పైన ఏ బొమ్మయు అక్షరమును లేని తెల్లని ఫైబరు మూత. దానిపై చదునుగా అతుకబడిన సోలార్ పలక. ఇంజను నడచునపుడు నిండి, బండి ఆగినపుడు ప్రధాన బ్యాటరీతో సంబంధము తెగిపోవునట్లు అమర్చిన రెండవ బ్యాటరీ. ఉక్క మిక్కుటమైన ఈ తీరమున మూసిన పెట్టెలో మనిషి ఊపిరియే నీరై గోడల వెంట కారును గావున ఎదురెదురుగా గాలిసందులు విడిచి, లోపల పొయ్యి వెలిగింపరాదను నియమమును కూడ విధించుకొనెను. “మా ఊళ్లో తీర్థానికి గూడుబండి కట్టుకొని పోయేవాళ్లం గదండీ, ఇదీ అదే. కాకపోతే గూడు పైకి కనబడదు” అని అతడనెను.

గృహస్థుడై యుండియు ఒకచోట నిలువక సంచరించుట మన శాస్త్రము లెఱుగని విషయము కాదు. బౌధాయన ధర్మసూత్రము ఇల్లు పట్టుకొని యుండు శాలీనులను, తిరుగుచు బ్రతుకు యాయావరులను ఇరువురను గృహస్థులలోనే చేర్చినది. కావ్యమీమాంస రచించిన రాజశేఖరుడు యాయావరవంశజుడనని గర్వించెను. ఇక అపరిగ్రహమును పతంజలి అహింసాసత్యములతో సమానముగ అయిదు యమములలో నొకటిగా లెక్కించెను. పుస్తకమున చదివినపుడు శుష్కముగ తోచు ఆ వ్రతము, రెండు సొరుగులలో పట్టనిది వెంట రాదను నిర్బంధ మేర్పడినప్పుడు ఎంత తేటగా బోధపడునో, ఆ సొరుగుల ముందు కూర్చుండి వస్తువు నొక్కొక్కదానిని చేతబట్టి ఇది కావలెనా, వలదా యని తర్కించినవానికే తెలియును.

సంచారమునకు శాస్త్రసమ్మతి కలదు. అపరిగ్రహమునకు ప్రశంస కలదు. చిక్కంతయు గోప్యముననే యున్నది. మన తెలుగు యాత్రికులు దాగి తిరిగినవారు కారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరులో మరల చేరువఱకు, డేరాలతో, బోయీలతో, పెద్ద పరివారముతో బహిరంగముగ కాశీయాత్ర చేసిరి. ఊరూర దిగి, దారి నడిగి, నీటివసతి నడిగి, ఆచారముల నడిగి వ్రాసికొనిరి గనుకనే వారి యాత్రాచరిత్ర అంతటి జ్ఞాననిధి యైనది. దాగినవాడు దేనిని అడుగును? అతని కెవడు చెప్పును?

ఇది కేవలము తర్కము కాదు, ప్రాణమునకు సంబంధించిన మాట. ఖబూరా పరిసరములలో బండి నిలుపుటకు కంటికింపైన తావు ఎండిన వాదీ గర్భమే: చదునైన గులకరాయి, గాలికి అడ్డముగ గట్టు, రోడ్డుమీదివారి చూపు సోకని మఱుగు. కాని వాన కురియునది దూరమునందలి కొండలమీద. నీరు వచ్చునది నిర్మలాకాశము క్రింద నిద్రించువానిమీద. 2021 అక్టోబరు 3వ తేదీని షాహీన్ తుపాను ఈ తీరమును తాకినప్పుడు ఖబూరా, సువైఖ్ ప్రాంతములు వఱదలో మునిగిపోయినవి. ఏ వాదీ ఎప్పుడు పొంగునో ఆ తోటల కాపరులకు తెలియును. అచ్చట మనిషి యున్నాడని తెలిసినగదా వారు వచ్చి లేపుట! పూర్తిగా దాగినవాడు తోడివారి కరుణను కూడ తననుండి దాచుకొనుచున్నాడు.

మఱి గోప్యము సర్వథా త్యాజ్యమా? కాదు. భాగవతము పంచమస్కంధమునందలి జడభరతుని చూడుడు. ఆ జ్ఞాని మందుని వలె సంచరించెను. రహూగణ మహారాజు పల్లకి మోయుటకు పట్టుకొనిపోయినను నేనెవడనో యెఱుగుదువా యని పలుకలేదు. కాని రాజు అధిక్షేపించి, పిదప వినమ్రుడై, నీవెవ్వడవని అడిగినప్పుడు ఇసుమంతయు దాచక తత్త్వమును వెల్లడించెను. అతడు దాచినది గౌరవమును కోరు అహంకారమును, దాచనిది సత్యమును. ధర్మరాజు అజ్ఞాతవాసమందును ఇట్టిదే యొక మేర కలదు: ఆ దాగుట ఇరుపక్షములును ముందుగ నంగీకరించిన నియమము, దాని కొక గడువు గలదు. అడిగినవానికి ఉత్తరము దొరకు గోప్యము వినయము. అడుగుటకే అవకాశ మీయని గోప్యము చౌర్యము. నాకు తోచిన నిర్ణయ మిది.

ఈ నిర్ణయమును ఆచరణలో పెట్టుట కష్టము కాదు. పర్వతపాదమునందలి పల్లెలలో ఫలజ్ అను కాలువలు పాఱుచుండును. ఆ నీరు త్రాగుటకు మొదటి తావు, స్నానమునకు దాని దిగువ, తోటలకు అటుపిమ్మట అని తరతరములుగ వరుస యేర్పడియున్నది. తోటలకు నీరు గంటల వంతున పంచబడును. చాటున బండి నిలిపి ఎగువతావున గిన్నెలు కడిగినవాడు ఒక ఊరి త్రాగునీటిని చెఱచి, అస్తేయవ్రతమును భంగపఱచినవాడగును. అట్లే తోటగోడ ప్రక్కను, ఇండ్ల కెదురుగను నిలిపి లోపల మెలకువగ నుండుట ఆ ఇంటి స్త్రీల ఏకాంతమునకు భంగము. బాటసారుల చూపునుండి బండిని దాచవచ్చును గాని, భూమి యజమానునినుండి మనిషిని దాచరాదు. ముల్కియా అను బండి నమోదుపత్రముయొక్క నవీకరణకు పోలీసు తనిఖీలో నిలిచినప్పుడు చేసిన మార్పులను మఱుగుపఱుపరాదు.

బండి విషయమున మఱియొక జాగ్రత్త కలదు. ఇట్టి ఫైబరు మూతల తాళములు సామాన్యముగ వెలుపలినుండియే తెఱచుకొనును. లోపల పండుకొన్నవాడు నిజమునకు బందీయే. నా మిత్రుడు పఱుపునకు, బ్యాటరీకి ముందే, చీకటిలో చేతికందునట్లు, ఒక్క లాగుతో వీడు గొళ్లెమును లోపలివైపున బిగించెను. అగ్నిభయమునకును అది అవసరమే. ఇట్టి బండిని సిద్ధము చేసికొనదలచిన తెలుగు సోదరులారా, మీరును మొదట ఆ గొళ్లెమునే అమర్చుకొనుడు. చీకటి పడకముందే దగ్గఱనున్న తోటవానికి సలాము చెప్పి, ఈ రాత్రి ఇచ్చట నిదురింతునని తెలుపుడు. అతడు వలదన్నచో మాఱుమాట లేకుండ కదలిపొండు. సరేయన్నచో నిశ్చింతగ నిద్రించి, ఉదయమున చెత్త యంతయు మూటగట్టుకొని వెడలుడు.